క్వేజారు మీద క్రమశిక్షణ చర్య

ఆ ఏడాది ప్రభుత్వానికి నిలకడ మీద ప్రేమ పుట్టింది.

అంతకుముందు ఏడాది పారదర్శకత మీద పుట్టింది. అప్పుడు ఆఫీసుల్లో చెక్క తలుపులు పీకించి అద్దాల తలుపులు పెట్టించారు. తలుపు ఉన్న సంగతి తెలియక గుమాస్తాలు ముక్కులు పగలగొట్టుకున్నారు. ఆ ప్రేమ చల్లారాక నిలకడ వంతు వచ్చింది. విదేశంలో శిక్షణకు వెళ్ళిన ఒక ఉన్నతాధికారి అక్కడ మరమేకులు చేసే కర్మాగారం చూశారు. మొదటి మేకు ఎలా ఉందో లక్షో మేకూ అచ్చు అలాగే ఉంది. ఆయన కళ్ళు చెమర్చాయి. తిరిగి వస్తూనే ‘నిలకడ ఉత్తర్వు’ రాయించారు. దాని సారమంతా ఒక్క వాక్యం: ప్రభుత్వ సంస్థలలో ఉత్పత్తి నెలనెలా ఒకే తీరున ఉండవలెను, నూటికి పది పాళ్ళకు మించి పెరిగినను, తగ్గినను, ముందస్తు అనుమతి లేనిచో అది క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణింపబడును.

ఉత్తర్వు చక్కగా అమలైంది. వర్షపాతం లెక్కలు రాసే వాళ్ళు శ్రావణంలో పడిన వానలో కొంత తీసి వేసవికి సర్దారు. పశువైద్యశాలల్లో దూడలు ఏ నెలకు ఆ నెల సమానంగా పుట్టాయి. ఒక అగ్నిమాపక కేంద్రం వాళ్ళు నెలాఖరుకు మంటలు తక్కువ పడ్డాయని తామే ఊరవతల చెత్త తగలబెట్టి, గంట కొట్టుకుంటూ వెళ్ళి ఆర్పి వచ్చారు.

ఇవన్నీ భూమ్మీది వ్యవహారాలు. ఉత్తర్వు ఎర్రమిట్ట కొండ ఎక్కిన తర్వాతే అసలు చిక్కు వచ్చిపడింది.

ఎర్రమిట్ట అనంతపురం దాటాక వచ్చే బోడికొండ. దాని నెత్తిమీద గామా కిరణాల వేధశాల ఉంది. గామా కిరణాలు కంటికి కనబడవు, నేలదాకా రావు. ఆకాశం పై అంచున గాలికి కొట్టుకుని చెదిరిపోతూ, రెప్పపాటులో కోటో వంతు సేపు నీలంగా మెరుస్తాయి. ఆ మెరుపును పట్టడానికి కొండమీద కల్యాణమంటపమంత వెడల్పున అద్దాలు పేర్చిన దూరదర్శిని ఒకటి ఉంది. దాని మీద పనిచేసే శాస్త్రవేత్త డాక్టర్ సుంకులమ్మ. నలభై దాటిన మనిషి. మాట మెత్తన, పట్టు గట్టి. అద్దాలూ మోటార్లూ చూసుకునే ఇంజనీరు మహబూబ్ బాషా ఆమెకంటే పదేళ్ళు పెద్ద. ఆమె ఆయనను అన్నా అంటుంది.

వీళ్ళిద్దరూ ఆరేళ్ళుగా ఒకే ఒక్క క్వేజారును కనిపెట్టుకుని ఉన్నారు. క్వేజారు అంటే ఎక్కడో దూరపు నక్షత్ర మండలం నడిబొడ్డున కూర్చున్న కృష్ణబిలం. చుట్టూ ఉన్న వాయువును మింగుతుంది. మింగలేనిదాన్ని పిచికారీ కొట్టినట్టు బయటికి చిమ్ముతుంది. ఈ క్వేజారు పిచికారీ సరిగ్గా మన వైపే తిరిగి ఉండటంతో అది అంత దూరం నుంచీ దేదీప్యమానంగా కనిపిస్తుంది. అక్కడి వెలుగు మన దాకా రావడానికి ఏడువందల కోట్ల ఏళ్ళు పడుతుంది. శాస్త్రజ్ఞుల పట్టికలో దానికి టెలిఫోన్ నంబరంత పొడుగు పేరుంది. బాషాకు ఆ పేరు నచ్చలేదు. “అంత వయసున్నాయనను నంబరు పెట్టి పిలిస్తే మర్యాదగా ఉంటుందా?” అని ‘పెద్దాయన’ అని పేరు పెట్టాడు. కొండమీద అందరికీ అదే అలవాటైంది.

పెద్దాయన ఆరేళ్ళూ ముసుగు తన్ని పడుకున్నాడు. ఉన్నాడంటే ఉన్నాడు, అంతే. సుంకులమ్మ ఎదురుచూపంతా ఆయన ఎప్పుడు లేస్తాడా అని. ఆయన భగ్గుమన్నప్పుడు గామా కిరణాలు కృష్ణబిలం పక్కనే పుడుతున్నాయా, పిచికారీలో చాలా దూరం పోయాక పుడుతున్నాయా అన్నది ఆమె ప్రశ్న. పక్కనే పుడితే మహాశక్తి గల కిరణాలను అక్కడి వెలుతురే మింగేస్తుంది, మనదాకా ఒక్కటీ రాదు. దూరాన పుడితే తప్పించుకుని వస్తాయి. ఏ శక్తి గల కిరణాలు ఎన్ని వస్తున్నాయో వేరుచేసి చూసుకుంటే, అంటే వర్ణపటం తీస్తే, తేలిపోతుంది. కానీ ఆయన మంట మీద ఉన్నప్పుడే తీయాలి. మంట కొన్నాళ్ళు ఉంటుందో, రేపే ఆరుతుందో ఎవరూ చెప్పలేరు.

ఒక ఉదయం సుంకులమ్మ క్యాంటీన్‌లో బొరుగుల ఉగ్గాని, బజ్జీ తింటూండగా బాషా లుంగీ ఎగ్గట్టుకుని పరుగున వచ్చాడు.

“సుంకులమ్మా, పెద్దాయన ఏందో గట్టిగా తిన్నెట్లుండాడు! మొన్నటికీ నిన్న రేత్రికీ తొమ్మిదింతలు!”

ఆమె చేతిలో బజ్జీ ప్లేట్లో పడింది. “మిషను తప్పేమో చూసినావా అన్నా?”

“తిప్పి తిప్పి చూసినా. మిషను బాగనే ఉండాది. ఆయనే లేచినాడు.”

ఇద్దరూ గదిలోకి వెళ్ళి తెరమీద గీతను చూశారు. ఆరేళ్ళు నేలబారుగా పాకిన గీత ఒక్కసారిగా తాటిచెట్టులా లేచి ఉంది. ఒకచోట మూడు గంటల్లోనే వెలుగు రెట్టింపైంది. సుంకులమ్మ కుర్చీ అంచున కూర్చుని, చంటిబిడ్డ మొదటి అడుగు చూసిన తల్లిలా నవ్వుతూ ఉండిపోయింది.

పెద్దాయన లేచింది సరిగ్గా నెలవారీ నివేదికలు పంపే వారంలో. నిలకడ ఉత్తర్వు కింద ప్రతి సంస్థా ఒక పట్టిక నింపాలి. అందులో ‘ఉత్పత్తి’ అన్న గడి ఉంది. సుంకులమ్మ ‘గామా కిరణాలు’ అని రాసింది. పక్కన ‘ఉత్పత్తి చేయువారి పేరు’ అని ఉంది. అబద్ధం రాయడం ఆమెకు చేతకాదు. గామా కిరణాలు చేసేది ఆమె కాదు, బాషా కాదు, డైరెక్టరు గరుడాద్రి గారు అసలే కాదు. అందుకని ‘పెద్దాయన’ అని రాసింది. ఆ పక్కన ‘గత నెలతో పోల్చిన మార్పు’ అన్నచోట ‘తొమ్మిది రెట్లు’ అని రాసింది.

ఆ నివేదిక చదివి రాజధాని నుంచి ఆడిట్ అధికారి త్రిపురాంతకం గారు జీపులో దిగారు.

త్రిపురాంతకం గారు చెడ్డవారు కారు. లంచం ముట్టరు, కాఫీ కూడా సొంత ఫ్లాస్కులో తెచ్చుకుంటారు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే: కాగితం మీద ఉన్నదాన్ని నమ్ముతారు, లేనిదాన్ని నమ్మరు. డైరెక్టరు గరుడాద్రి గారు ఆయనకు ఎదురెళ్ళి దండ వేసి, గదిలో కూర్చోబెట్టి, తన కుర్చీ అంచుకు తాను జరిగారు.

“ఈ పెద్దాయన ఎవరండీ?” అన్నారు త్రిపురాంతకం.

“క్వేజారు సార్,” అంది సుంకులమ్మ.

“హోదా అడగలేదు, పేరు అడిగాను.”

సుంకులమ్మ ఆకాశం, కృష్ణబిలం, పిచికారీ అన్నీ చెప్పింది. త్రిపురాంతకం గారు ఓపికగా విన్నారు. మధ్యమధ్య రాసుకున్నారు కూడా.

“బాగుంది. అంటే ఈ సంస్థకు ఉత్పత్తి అందించే ఏకైక వ్యక్తి ఆయనే. ఆయన ఆరేళ్ళు నిలకడగా పనిచేసి, ఉన్నట్టుండి తొమ్మిది రెట్లు ఇచ్చాడు. ముందస్తు అనుమతి ఎవరిచ్చారు?”

“ఆయనకు అనుమతి ఎవరిస్తారు సార్? ఆయన లేచింది ఏడువందల కోట్ల ఏళ్ళ కిందట. ఆ వెలుగు మనకు ఇప్పుడొచ్చింది.”

త్రిపురాంతకం గారు కలం ఆపారు. “ఏడువందల కోట్ల ఏళ్ళు ఆలస్యంగా సమర్పించారా?”

గరుడాద్రి గారి ఉద్యోగ విరమణకు ఇంకా కొద్ది నెలలే ఉంది. జీవితంలో ఏ గొడవా లేకుండా ఇంటికి పోవాలన్నది ఆయన ఏకైక పరిశోధన. “ఆలస్యానికి సంజాయిషీ తీసుకుందాం సార్,” అన్నారు వెంటనే. “పెద్దాయన దగ్గరే తీసుకుందాం.”

మరుసటి రోజే నోటీసు తయారైంది. ‘ఇందుమూలముగా శ్రీ పెద్దాయనకు తెలియజేయునది ఏమనగా, మీరు పై అధికారుల అనుమతి పొందకయే మీ ప్రకాశమును పెంచి, నిలకడ ఉత్తర్వును ధిక్కరించియున్నారు. మీపై క్రమశిక్షణ చర్య ఏల గైకొనరాదో వారము దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను’ అని అందులో ఉంది.

నోటీసు అందజేయడం ఎలాగన్న ప్రశ్న వచ్చింది. సుంకులమ్మ తలపట్టుకుని, “సార్, ఈ కాగితం వెలుగుతో సమానంగా పోయినా చేరడానికి ఏడువందల కోట్ల ఏళ్ళు పడుతుంది. ఆయన జవాబు రావడానికి మరో ఏడువందల కోట్లు,” అంది.

“రిజిస్టర్డ్ పోస్టులో పంపితే?” అన్నారు గరుడాద్రి.

త్రిపురాంతకం గారు నిబంధనలు వెతికి చూశారు. వ్యక్తి అందుబాటులో లేనప్పుడు ఆయన చివరిసారి కనబడిన చోట నోటీసు అతికించవచ్చు. పెద్దాయన చివరిసారి కనబడింది దూరదర్శినిలో. కాబట్టి ఇద్దరు సాక్షుల ఎదుట మైదాపిండి జిగురుతో దూరదర్శిని కాలికి నోటీసు అతికించారు. రెండో సాక్షి బాషా.

“నా సర్వీసులో యెన్నో చూసినా,” అన్నాడు సంతకం పెడుతూ. “నచ్చత్రాలకు మెమో ఇయ్యడం ఇదే మొదులు.”

“నక్షత్రం కాదన్నా, క్వేజారు,” అంది సుంకులమ్మ నీరసంగా.

వారం గడిచినా సంజాయిషీ రాలేదు. పైగా పెద్దాయన ఇంకొంచెం వెలిగాడు. ఇది ధిక్కారమని తేల్చి విచారణ పెట్టారు. విచారణాధికారి త్రిపురాంతకం గారే. నిందితుడి తరఫున మాట్లాడటానికి సహోద్యోగి ఒకరు ఉండాలని నిబంధన కనక సుంకులమ్మను వేశారు. ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ పెట్టించి, దాని ముందు నీళ్ళ గ్లాసు కూడా ఉంచారు.

సుంకులమ్మ వాదన మొదలుపెట్టింది. “సార్, నిలకడ ఉత్తర్వు వచ్చింది మొన్న. నా క్లయింటు వెలిగింది భూమి పుట్టకముందు. అప్పటికి లేని నిబంధనను ఎట్లా ఉల్లంఘిస్తాడు?”

త్రిపురాంతకం గారి ముఖంలో మెచ్చుకోలు కనబడింది. “మంచి పాయింటు,” అని రాసుకుని రాజధానికి ఫోన్ చేశారు. మధ్యాహ్న భోజనాల తర్వాత సవరణ వచ్చింది. నిలకడ ఉత్తర్వు సృష్ట్యాది నుంచి అమల్లో ఉన్నట్టు భావింపబడును.

ఆమె ఇంకో దారి పట్టింది. “వెలుగు మూడు గంటల్లో రెట్టింపైందంటే, వెలిగే చోటు మూడు గంటల్లో వెలుగు పోగలిగినంత దూరానికి మించి ఉండదు సార్. అంత చిన్న చోటు నుంచి కొన్ని వేల నక్షత్ర మండలాలంత వెలుగు వస్తోంది. ఇది లోకంలోనే అపురూపమైన విషయం.”

“అంత చిన్న ఆఫీసు నుంచి అంత ఉత్పత్తా? లెక్కలు తారుమారు చేసినట్టున్నారు,” అన్నారు త్రిపురాంతకం. “సరే, ఏ స్థాయివి ఎన్ని వచ్చాయో చూపండి.”

ఆమె వర్ణపటం పరిచింది. తక్కువ శక్తి గల కిరణాలు కొల్లలు. శక్తి పెరిగేకొద్దీ సంఖ్య తగ్గుతూ, పై చివరన ఒకటీ అరా.

అది చూడగానే త్రిపురాంతకం గారి ముఖం మొదటిసారి విప్పారింది. “భేష్! అడుగున అటెండర్లు ఎక్కువ, పైన కార్యదర్శులు తక్కువ. ఆదర్శప్రాయమైన సిబ్బంది విన్యాసం. ఆయనలో క్రమశిక్షణ బొత్తిగా లేకపోలేదు.”

“ఇది నిద్రలో ఉన్నప్పటిది సార్. మంట మీద ఉన్నప్పటిది ఇంకా పూర్తిగా తీయలేదు. ఇప్పటిదాకా వచ్చినంతలో పెద్ద కిరణాల వాటా పెరుగుతోంది.”

“పెరుగుతోందా?” ముఖం మళ్ళీ ముడుచుకుంది. “అంటే కింది వాళ్ళను పైకి పంపుతున్నాడు. అనుమతి లేకుండా ప్రమోషన్లు కూడానా!”

ఆ సాయంత్రమే పెద్దాయనను సస్పెండ్ చేశారు.

సస్పెన్షన్ ఉత్తర్వు పద్ధతి ప్రకారమే ఉంది. విచారణ ముగిసేవరకు సదరు ఉద్యోగి విధులు నిర్వర్తించరాదు. జీవనభృతి కింద సగం ప్రకాశం అనుమతించడమైనది. అనుమతి లేకుండా ప్రధాన కేంద్రం విడిచి వెళ్ళరాదు. ఆ చివరి వాక్యం చదివి సుంకులమ్మ నిట్టూర్చింది. విశ్వం వ్యాకోచిస్తోంది కనక పెద్దాయన క్షణక్షణమూ మననుంచి దూరంగా జరిగిపోతూనే ఉన్నాడు. ఆ సంగతి పైకి చెప్పకపోవడమే మంచిదనుకుంది. కానీ గరుడాద్రి గారు చెప్పేశారు. దాంతో ఇంకో అభియోగం చేరింది.

ఇదంతా నవ్వుకోదగ్గదే. కానీ ఉత్తర్వు అడుగున ఉన్న వాక్యాన్ని ఆమె రెండుసార్లు చదివింది. ‘సస్పెన్షన్ కాలములో దూరదర్శినిని సదరు ఉద్యోగి వైపు త్రిప్పరాదు.’

ఆ రాత్రి అద్దాలు తిరగలేదు. ఆ మర్నాడూ తిరగలేదు. వేరే దేశాల వేధశాలలు పెద్దాయన ఇంకా మండుతున్నాడని వార్తలు పంపుతున్నాయి. మబ్బుల సందున అప్పుడప్పుడు కనబడటమే తప్ప, వర్ణపటం తీసేంత తెరిపి అక్కడ లేదు. ఎర్రమిట్ట మీద ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది, అద్దాలు మాత్రం నేల చూపులు చూస్తున్నాయి. ఆరేళ్ళు కాచుకుని కూర్చుంటే, గుమ్మంలోకి వచ్చిన చుట్టాన్ని తలుపేసి పంపినట్టయింది. సుంకులమ్మ రాజీనామా రాసింది. చించింది. మళ్ళీ రాసింది.

బాషా ఆమె గదిలోకి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. “ఏం చేద్దామనుకుంటాండావు?”

“ఏం చేసేదన్నా? వాళ్ళతో యాడ కొట్లాడేది? నేను విజ్ఞానం చెప్తే వాళ్ళకు నేరం కనపడ్తాది.”

ఆ మాట అన్నాక ఆమె తన నోట వచ్చిన మాటనే తిప్పి తిప్పి చూసుకుంది. ఇన్నాళ్ళూ తను పెద్దాయన మంచివాడని వాదించింది. అక్కడే పొరపాటు చేసింది. రాజీనామా కాగితం ఉండచుట్టి, తిన్నగా త్రిపురాంతకం గారి గదికి నడిచింది.

“సార్, నేను నిందితుడి పక్షాన మాట్లాడలేను. తప్పుకుంటాను,” అంది.

“ఎందుకమ్మా?”

“ఆయన సస్పెన్షన్‌ను లెక్కచేయట్లేదు సార్. మీరు సగం ప్రకాశం అన్నారు, ఆయన పూర్తిగా వెలుగుతున్నాడు. విదేశాల వాళ్ళు చూసి చెప్పుకుంటున్నారు. సస్పెన్షన్‌లో ఉండి విధులు నిర్వర్తించడం ఎంత నేరం! కానీ మన దగ్గర సాక్ష్యం లేదు. చూడకూడదన్నారు కదా. రేపు పైవాళ్ళు ‘మీ ఉత్తర్వు అమలైందా’ అని అడిగితే ఏం చెప్తారు?”

త్రిపురాంతకం గారు ఫ్లాస్కు మూత బిగించి పక్కన పెట్టారు. ఈ కోణం ఆయనకు తట్టలేదు.

“నిఘా పెట్టాలి,” అన్నారు చివరకు.

“నా మనసులోనూ అదే ఉంది సార్. వెన్నెల లేని రాత్రుల్లో, పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా. ఏ స్థాయి కిరణాలు ఎన్ని పంపుతున్నాడో విడివిడిగా రాయాలి. ప్రమోషన్ల సంగతి తేలాలంటే తప్పదు.”

“వేరే పనులకు దూరదర్శిని ఇవ్వద్దు. మొత్తం దీనికే వాడండి,” అన్నారు త్రిపురాంతకం. “ఒక్క కిరణం కూడా తప్పించుకోకూడదు.”

ఆరేళ్ళలో ఎన్నిసార్లు అడిగినా రాత్రికి నాలుగు గంటలకు మించి దొరకని దూరదర్శిని, నేరపరిశోధన అనేసరికి మొత్తంగా ఆమె చేతికి వచ్చింది. బాషాకు సంగతి చెబితే మోటారు గది గోడకు ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వాడు.

“ఇన్నేండ్లు సైన్సు అని అడుక్కుంటిమి. ముందే దొంగతనం అని చెప్పింటే సరిపోయేదే!”

అద్దాలు పెద్దాయన వైపు తిరిగాయి. ఆయన కూడా వీళ్ళకోసమే ఆగినట్టు, ఆ వారంలోనే పతాకస్థాయికి చేరాడు. ఒకనాటి ఉదయం లెక్కలు సరిచూస్తూ సుంకులమ్మ తెరమీద పై చివర వేలు పెట్టింది. అక్కడ ఉండకూడని చోట చుక్కలు ఉన్నాయి. మహాశక్తి గల కిరణాలు. కృష్ణబిలం పక్కన పుట్టి ఉంటే దారిలోనే నశించిపోవలసినవి చెక్కుచెదరకుండా వచ్చాయి. అంటే ఆ మంట పుట్టింది దగ్గర కాదు, పిచికారీలో చాలా దూరాన. ఆరేళ్ళ ప్రశ్నకు జవాబు. అటూ ఇటూ చూసి ఎవరూ లేరని నిశ్చయించుకుని, ఆమె రెండు చేతులూ పైకెత్తి గిర్రున ఒక చుట్టు తిరిగింది.

ఆ ఫలితాలతో ఆమె రెండు కాగితాలు రాసింది. ఒకటి విదేశంలోని శాస్త్ర పత్రికకు. రెండోది ‘సస్పెన్షన్ కాలములో నిందితుని ప్రవర్తనపై నిఘా నివేదిక’ అని త్రిపురాంతకం గారికి. పటాలు రెండింట్లోనూ ఒకటే. పత్రిక వాళ్ళు అద్భుతమని రాశారు. త్రిపురాంతకం గారు ‘ఘోరం’ అని రాశారు.

తర్వాత పెద్దాయన తనకు తానే మెల్లగా చల్లబడ్డాడు. గరుడాద్రి గారు దాన్ని పశ్చాత్తాపం అన్నారు. విచారణాధికారి మాత్రం మెత్తబడలేదు. నేరాలన్నీ రుజువయ్యాయని రాసి, ఉద్యోగం నుంచి తొలగించాలని సిఫారసు చేశారు. ఫైలు రాజధానికి వెళ్ళి, ఒక ప్రశ్నతో తిరిగి వచ్చింది: ‘సదరు ఉద్యోగి పుట్టిన తేదీ తెలుపవలెను.’

సుంకులమ్మ ఉజ్జాయింపుగా రాసి పంపింది. పదిరోజుల్లో జవాబు వచ్చింది. ఆ తేదీ ప్రకారం పెద్దాయన ఎన్నో వందల కోట్ల ఏళ్ళ కిందటే ఉద్యోగ విరమణ వయసు దాటిపోయాడు. విరమణ పొందిన వ్యక్తి మీద క్రమశిక్షణ చర్య చెల్లదు. కాబట్టి అభియోగాలు కొట్టివేసి, ఆయనను సగౌరవంగా సాగనంపవలెను.

సాగనంపే సభకు డైరెక్టరు గది ముందు షామియానా వేశారు. పెద్దాయన పటం పెట్టారు. పటమంటే నల్లటి కాగితం మధ్య ఒక చుక్క. దానికి పూలదండ వేసి శాలువా కప్పితే చుక్క కనబడలేదు. శాలువా కొంచెం పక్కకు జరిపారు. గరుడాద్రి గారు లేచి, పెద్దాయన కష్టజీవి అనీ, కాలుష్యం చేయలేదనీ, సెలవు ఒక్కరోజైనా పెట్టలేదనీ కొనియాడారు. సరిగ్గా అదే ప్రసంగం కొద్దినెలల్లో తనకూ చేయాలని ఆయన ఆశ. తర్వాత సుంకులమ్మను రెండు ముక్కలు మాట్లాడమన్నారు.

ఆమె వెటకారంగా మాట్లాడదామనే లేచింది. పటం వైపు చూసేసరికి మనసు మారింది.

“ఈయన వెలుగు బయలుదేరినప్పుడు భూమి లేదు,” అంది. “సూర్యుడూ లేడు. ఆ వెలుగు దారిలో ఉండగానే సూర్యుడు పుట్టాడు, భూమి గడ్డకట్టింది, సముద్రాలు నిండాయి, చేపలు వచ్చాయి, మనుషులు వచ్చారు. మనవాళ్ళు ఈ కొండమీద అద్దాలు పేర్చడం పూర్తిచేశాక అది వచ్చి అద్దంలో పడింది. అంత దూరం నుంచి వచ్చినదాన్ని మనం ఎందుకొచ్చావని అడిగాం. అడగాల్సింది ఎట్లా ఉన్నావని. ఆరేళ్ళు నేను అడిగింది అదొక్కటే. మొన్న చెప్పాడు. నాకంతే చాలు.”

బాషా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మిక్చరు పొట్లాలు పంచుతున్న అటెండరు కూడా పొట్లాం చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు.

సభ ముగిశాక త్రిపురాంతకం గారు సుంకులమ్మ దగ్గరికి వచ్చారు. ఎన్నడూ లేనిది, ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ఆమెకు ఇచ్చారు.

“ఒక్క సందేహం అమ్మా. మీరు చెప్పినదంతా ఏడువందల కోట్ల ఏళ్ళనాటి కబురు. ఇప్పుడెట్లా ఉన్నారు ఆయన?”

ఆమె ఆయన వంక పరీక్షగా చూసింది. ఆ ప్రశ్నలో ఆడిట్ లేదు. బస్సు దిగిన వాణ్ణి ఊళ్ళో వాళ్ళు బాగున్నారా అని అడిగినట్టు అడిగారు.

“తెలియదు సార్. ఉన్నారో లేరో కూడా తెలియదు. ఇవాళ్టి వెలుగు ఇవాళే బయలుదేరి ఉంటుంది. అది వచ్చాక తెలుస్తుంది.”

త్రిపురాంతకం గారు చాలాసేపు తలెత్తి ఆకాశం వైపు చూశారు. పట్టపగలు, ఎండ తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత ఆయన ముఖంలో ఏదో కదిలింది. సుంకులమ్మకు భయం వేసింది. ఆయనకు నిబంధన గుర్తొచ్చినప్పుడే ముఖం అలా అవుతుంది.

“విరమణ పొందినవారు ఏటా బతికున్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి కదా,” అన్నారు.

“ఇవ్వాలి సార్.”

“ఆయన రాలేరు. కాబట్టి ఏటా మీరే చూసి ధ్రువీకరించాలి. వర్ణపటంతో సహా. దూరదర్శిని కావలసినన్ని రాత్రులు మీకు ఇవ్వక తప్పదు. నేను రాస్తాను.” కలం తీసి, అక్కడే, షామియానా గుంజకు కాగితం ఆనించి రాయడం మొదలుపెట్టారు. ఆమెకు నవ్వు వచ్చింది. కాఫీ తాగుతూ దాచుకుంది.

రాస్తూ రాస్తూ ఆయన ఆగారు.

“కానీ మీరు ఇచ్చే ధ్రువపత్రం ఏడువందల కోట్ల ఏళ్ళ కిందట బతికున్నారనే కదా చెప్తుంది? ఇప్పుడు ఉన్నట్టు రుజువు కాదే!”

“కాదు సార్.”

“అది ఎప్పటికి వస్తుంది?”

“ఇంకో ఏడువందల కోట్ల ఏళ్ళకు.”

త్రిపురాంతకం గారు తలాడించి, ఏమాత్రం తొణక్కుండా చివరి వాక్యం రాసి సంతకం చేశారు: ‘అంతవరకు ఫైలు పెండింగులో ఉంచవలెను.’